ప్రోలాగ్ ప్యాకేజీ కొంటున్నారా? ముందు ఫైళ్లలో మొదటి లైను చూపించమనండి

ప్రోలాగ్ ఒక ప్రోగ్రామింగ్ భాష, మేం వాడేది దాని ఎస్‌డబ్ల్యూఐ రూపం. కాలేజీ టైమ్‌టేబుల్ వేసే రెడీమేడ్ కోడ్, అంటే ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్ ప్యాకేజీ ఒకటి, డబ్బు పెట్టి కొన్నాను. డెమోలో చక్కగా నడిచింది. నడవక ఏం చేస్తుంది, అక్కడ దాని పక్కన వేరే కోడే లేదు మరి!

మా ప్రాజెక్టులోకి తేగానే గొడవ మొదలైంది. మాకు యుటిల్స్ అనే మాడ్యూల్ (పేరు పెట్టి విడిగా ఉంచిన కోడ్ భాగం) ఉంది, వాళ్లదీ అదే పేరు. ఎస్‌డబ్ల్యూఐలో మాడ్యూల్ పేర్లన్నీ ఒకే గంపలో ఉంటాయి, ఫోల్డర్లు వేరైనా లాభం లేదు. రెండోది లోడ్ చేయబోతే పర్మిషన్ ఎర్రర్. ఇది నయం, కనీసం అరిచి చెబుతుంది.

అసలు దెబ్బ ఇంకో ఫైలుది. దానికి మాడ్యూల్ డిక్లరేషనే (ఫైలు మొదట్లో మాడ్యూల్ పేరు చెప్పే లైను) లేదు, కాబట్టి యూజర్ మాడ్యూల్ నుంచి లోడ్ చేయగానే అందులోవన్నీ నేరుగా అక్కడికే, అంటే మిగతా మాడ్యూళ్లూ వెతికే ఉమ్మడి చోటికే, వచ్చి పడ్డాయి. వాటిలో సొంత డిలీట్/3 ఒకటి, అంటే మూడు ఆర్గ్యుమెంట్లు తీసుకునే డిలీట్ అనే ప్రెడికేట్ (ప్రోలాగ్‌లో ఫంక్షన్ లాంటిది). ఎస్‌డబ్ల్యూఐతో వచ్చే లిస్ట్స్ లైబ్రరీలోని డిలీట్/3కి ముందు లిస్టు, తర్వాత తీసేయాల్సింది ఇవ్వాలి. వీళ్లది తలకిందులు. లిస్ట్స్ లైబ్రరీని విడిగా ఇంపోర్ట్ చేయకుండా ఆటోలోడ్ (అవసరమైనప్పుడు ప్రోలాగే లైబ్రరీని తెచ్చుకోవడం) మీద వదిలేయడం మనలో చాలామందికి అలవాటే కదా. మాడ్యూల్‌లో లేని ప్రెడికేట్ కోసం ప్రోలాగ్ ముందు యూజర్‌లో వెతుకుతుంది, అక్కడా లేకపోతేనే ఆటోలోడ్‌కి వెళ్తుంది. దాంతో [1,2,3] నుంచి 2 తీసేయమంటే [1,3] రావాల్సింది పోయి ఉత్త ఫాల్స్ వచ్చింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. టైమ్‌టేబుల్ కుదరదని తేల్చేసింది. క్లాసుల డేటాలోనే తప్పుందేమోనని ఎంత టెన్షన్ పడ్డామో!

చివరికి ప్రెడికేట్ వివరాలు చెప్పే ప్రెడికేట్_ప్రాపర్టీతో అడిగితే దొరికింది. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే ఇంపోర్టెడ్_ఫ్రమ్ దగ్గర లిస్ట్స్ అని రావాల్సిన చోట యూజర్ అని ఉంది.

అమ్మినవాళ్లకి చెబితే, "మా దగ్గర బాగానే నడుస్తోంది సార్, మీ ప్రాజెక్టులోనే ఏదో ఉంది" అన్నారు. రిఫండ్ మాటెత్తితే ఫోన్ ఎత్తడం మానేశారు.

ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్లు, మాడ్యూల్ డిక్లరేషన్ లేని ఫైలుంటే, మీ సొంత మాడ్యూల్ ఫైలు ఒకటి రాసి, వాళ్ల ఫైలుని అందులో ఇన్‌క్లూడ్ చేయండి. దాని పేర్లు అక్కడే ఆగుతాయి. మీ మాడ్యూళ్లలో లిస్ట్స్‌ని యూజ్_మాడ్యూల్‌తో విడిగా ఇంపోర్ట్ చేసుకోండి. రెండు మాడ్యూళ్లు ఒకే పేరు ఎగుమతి చేస్తుంటే ఎక్సెప్ట్ పెట్టి ఒకదాన్ని ఆపొచ్చు, లేదా యాజ్‌తో వేరే పేరు పెట్టుకోవచ్చు. మాడ్యూల్ పేరే ఢీకొంటే మాత్రం వాళ్ల ఫైలైనా మీదైనా తెరిచి పేరు మార్చాల్సిందే. సోర్స్ ఇవ్వకుండా క్యూఎల్ఎఫ్ ఫైళ్లు (ముందే కంపైల్ చేసినవి) చేతిలో పెడితే వాళ్ల ఫైలు మార్చే దారీ మూసుకుపోయినట్టే, అలాంటిది కొనకండి.

కొనబోయేవాళ్లు డబ్బు కట్టకముందే ప్రతి ఫైలులో మాడ్యూల్ డిక్లరేషన్ చూపించమనండి. మాడ్యూల్ పేర్లు యుటిల్స్, హెల్పర్స్, కామన్ లాంటివైతే అనుమానించండి. డెమో కూడా వాళ్ల మెషీన్‌లో కాదు, మీ ప్రాజెక్టు లోడ్ అయి ఉన్న సెషన్‌లోనే చేయించండి. ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపేయండి.