యాక్టివ్ బేస్ గిటార్‌తో తొమ్మిదేళ్లు: బ్యాటరీ నేర్పిన పాఠాలు

రిహార్సల్‌లో మూడో పాట నడుస్తుండగా నా అయిదు తీగల బేస్ గిటార్‌లో లావు తీగ బొంగురుపోయింది. మెల్లగా మీటితే స్వరం బాగానే ఉంది, గట్టిగా మీటితే చిరిగిన డప్పులా మోగుతోంది. స్పీకర్ పోయిందేమోనని ఆంప్లిఫయర్ మార్చాను, కేబుల్ మార్చాను, తీగను కూడా తిప్పి చూశాను. చివరికి వెనక మూత తీసి మల్టీమీటర్ పెడితే 9 వోల్టుల బ్యాటరీ 6.8 వోల్టులే చూపించింది. గిటార్ కొని అప్పటికి ఏడాదే అయింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లలో ఈ చిన్న డబ్బా గురించి తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

గిటార్ కడుపులోనే ప్రీఆంప్, అంటే తీగల సంకేతాన్ని పెంచి స్వరాన్ని దిద్దే బ్యాటరీ సర్క్యూట్, ఉండే గిటార్లే యాక్టివ్ బేస్‌లు. వాటికి పేరు తెచ్చినవాటిలో 1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే ఒకటి. పాత స్టింగ్‌రేలాగే నా గిటార్‌లోనూ ప్యాసివ్ స్విచ్, అంటే ప్రీఆంప్‌ను పక్కకు తప్పించి బ్యాటరీ లేకుండానే వాయించనిచ్చే మీట, లేదు. అంటే బ్యాటరీ చచ్చిపోతే శబ్దమే రాదు. స్వరం విషయంలో ఈ గిటార్‌పై నాకు ఇప్పటికీ ఒక్క ఫిర్యాదు లేదు. బేస్, ట్రెబుల్ నాబ్‌లు తిప్పితే వచ్చే మార్పు ప్యాసివ్ గిటార్‌లో దొరకదు. అయినా మళ్లీ కొనాల్సి వస్తే ప్యాసివ్ స్విచ్ ఉన్నదే కొంటాను. పాట మధ్యలో మూగబోయే వాద్యాన్ని భుజాన వేసుకుని వేదిక ఎక్కడం ఎంత భయమో నాకు తెలుసు.

ఇలాంటి గిటార్‌కు విడిగా ఆన్, ఆఫ్ స్విచ్ ఉండదు. కేబుల్ గుచ్చే జాకే స్విచ్. అందులో మూడు కొనలుంటాయి. మామూలు మోనో ప్లగ్ లోపలికి వెళ్లగానే దాని గొట్టం రెండు కొనలను కలుపుతుంది, దాంతో బ్యాటరీ మైనస్ తీగ గ్రౌండ్‌కు చేరి ప్రీఆంప్ మేలుకుంటుంది. వాల్యూమ్ సున్నాలో పెట్టినా, ఆంప్లిఫయర్ కట్టేసినా, కేబుల్ గుచ్చి ఉన్నంతసేపు బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. ప్యాసివ్ స్విచ్ ఉన్న ఒక మిత్రుడి గిటార్‌ను కొలిచి చూశాను. ప్యాసివ్‌లో పెట్టినా కరెంటు ప్రవహిస్తూనే ఉంది.

ఈ కరెంటును కొలవడం సులువే. బ్యాటరీ కొనలకు తగిలించే క్లిప్‌ను సగం విప్పి, ఒక కొనకే తగిలించి, రెండో కొనకూ బ్యాటరీకీ మధ్య మల్టీమీటర్‌ను మిల్లీఆంపియర్లలో పెట్టి, జాక్‌లో కేబుల్ గుచ్చాలి. నా ప్రీఆంప్ దాదాపు 1 మిల్లీఆంపియర్ తీసుకుంటోంది. మంచి ఆల్కలైన్ 9 వోల్టుల బ్యాటరీ ఇలాంటి చిన్న భారానికి సుమారు 500 మిల్లీఆంపియర్ గంటలు ఇస్తుంది. రోజుకు రెండు గంటల సాధనకైతే ఎనిమిది నెలలు వస్తుంది. కేబుల్ తీయకుండా గోడకు ఆనించి వదిలేస్తే మూడు వారాలే.

ఆ మూడు వారాల లెక్క నాకు అనుభవపూర్వకంగా తెలిసింది. క్లిప్ మార్చినప్పుడు నల్ల తీగను, అంటే మైనస్ తీగను, జాక్‌లో ప్లగ్ గుచ్చితేనే గ్రౌండ్‌తో కలిసే కొనకు కాక నేరుగా గ్రౌండ్ కొనకు సోల్డర్ చేశాను. కేబుల్ తీసినా ప్రీఆంప్ ఆగేది కాదు. కొత్త బ్యాటరీ నెల తిరగకుండానే పోయింది. రెండోదీ అలాగే పోయాక గానీ మూత తీసి చూడలేదు.

బ్యాటరీ ఒక్కసారిగా చావదు. కొత్త ఆల్కలైన్ 9.5 వోల్టుల దగ్గర మొదలవుతుంది. 8 వరకు నా చెవికి తేడా తెలియదు. 7.5 దగ్గర స్లాప్ చేసినప్పుడు, అంటే బొటనవేలితో తీగను కొట్టి వాయించినప్పుడు, దెబ్బ మొన మొద్దుబారుతుంది. 7 కిందికి వస్తే బొంగురు స్పష్టం. ప్రీఆంప్ తనకు అందే వోల్టేజీని దాటి పైకి ఎగరలేదు కాబట్టి గట్టి స్వరాల తలలు తెగిపోతాయి. లావు తీగ ఊగు పెద్దది కాబట్టి ముందు అదే దెబ్బతింటుంది. రెండు బ్యాటరీలతో 18 వోల్టులు పెట్టే గిటార్‌లలో ఈ ఇబ్బంది ఆలస్యంగా వస్తుంది. అయితే రెండింటినీ వరసగా కలుపుతారు కాబట్టి గంటలు రెట్టింపు కావు.

ఏ బ్యాటరీ మంచిది? ఆల్కలైనే. జింక్ కార్బన్ రకం త్వరగా నీరసిస్తుంది, నేను రెండుసార్లు వాడి మానేశాను. నికెల్ మెటల్ హైడ్రైడ్ రీఛార్జబుల్ నిండుగా ఉన్నప్పుడు బాగానే పలికింది, కానీ దాని సామర్థ్యం 200 మిల్లీఆంపియర్ గంటల చుట్టుపక్కలే. యూఎస్‌బీతో ఛార్జ్ చేసే లిథియం అయాన్ రకం ఒకటి వాడాను. ట్రెబుల్ పెంచినప్పుడు సన్నని కూత వినిపించింది. లోపలున్న కన్వర్టర్ పని అది. పైగా చివరి నిమిషం దాకా వోల్టేజీ నిలకడగా చూపించి ఉన్నట్టుండి ఆగిపోతుంది. బొంగురుతో ముందే హెచ్చరించే ఆల్కలైన్‌నే నేను నమ్ముతాను. ఒకసారి వాడి పారేసే లిథియం బ్యాటరీకి సామర్థ్యం ఆల్కలైన్‌కు రెట్టింపు, ఎక్కువ కరెంటు తాగే ప్రీఆంప్‌లకు అది నప్పుతుంది.

ఇంకో మాట. చిటపటలు వినిపించిన ప్రతిసారీ బ్యాటరీని నిందించకండి. నాకు ఎక్కువసార్లు దొరికిన దోషి క్లిప్. పువ్వు రేకుల్లాంటి కొన వదులైతే, పటకారుతో రేకులను లోపలికి కొద్దిగా నొక్కితే చాలు. ఎరుపు తీగ వంగే చోట లోపలి రాగి తెగి, పైన ప్లాస్టిక్ తొడుగు మాత్రం నిలిచి ఉండటం కూడా చూశాను. పెట్టెలో ఆరు నెలలు పడుకున్న గిటార్‌లో బ్యాటరీ కారి కొనల చుట్టూ తెల్లని పొక్కు కట్టింది. అది క్షారం, చేతికి తగలనివ్వకూడదు. వెనిగర్‌లో ముంచిన దూదితో తుడిచి, ఆరబెట్టి, కొత్త క్లిప్ వేశాను. అదృష్టవశాత్తూ సర్క్యూట్ బోర్డుకు అంటలేదు.

బ్యాటరీ మార్చేటప్పుడు ముందు కేబుల్ తీసేయండి. చీకట్లో తడుముకుంటూ కొనలు తారుమారుగా తగిలించినా, కేబుల్ లేకపోతే కరెంటు పారదు. కేబుల్ ఉంటే, రక్షణ డయోడ్ లేని ప్రీఆంప్ ఆ క్షణంలోనే కాలిపోవచ్చు.

ఇప్పుడు ప్రతి కొత్త బ్యాటరీ మీద తేదీ రాసిన కాగితం ముక్క అతికిస్తాను. కచేరీకి ముందు రోజు కేబుల్ గుచ్చి, భారం మీద ఉండగానే వోల్టేజీ కొలుస్తాను. 8 కంటే తక్కువుంటే మార్చేస్తాను. తీసిన దాన్ని పారేయను. గోడ గడియారాలకు అది సరిపోదు గానీ, తీగల శ్రుతి చూసే నా ట్యూనర్‌కు ఇంకో రెండు నెలలు వస్తుంది.