లాపరోస్కోపీలో పేగు కుట్టు: ముడి లోపలా, బయటా, అసలు ముడే లేకుండానా?

లాపరోస్కోపీలో, అంటే పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్‌లో, కోయడం కంటే కుట్టడమే కష్టం. స్క్రీన్ మీద లోతు సరిగ్గా తెలియదు. పరికరం లోపలికి వెళ్లే గొట్టం (పోర్ట్) దగ్గర కదలిక తిరగబడుతుంది కాబట్టి చెయ్యి కుడికి జరిగితే కొన ఎడమకు పోతుంది. అందుకే నేర్చుకునేవాళ్లు ముందు అడిగేది ఏది సులువు అని. నేను మాత్రం కణజాలం ఎలా ఉందో చూడమంటాను.

అల్సర్ వల్ల డుయోడినమ్‌కు (చిన్నపేగు మొదటి భాగానికి) చిల్లు పడిందనుకోండి. అంచులు వాచి, తడిసిన కాగితంలా ఉంటాయి. ఇక్కడ ముడి పొట్ట లోపలే వేయాలి. బయట వేసి నాట్ పుషర్‌తో (ముడిని లోపలికి నెట్టే పరికరం) తోస్తే పొడవాటి దారం అంచుల్లోంచి జారుతూ రంపంలా కోసేస్తుంది. లోపలి ముడికి సుమారు 15 సెంటీమీటర్ల దారం చాలు, ఎక్కువైతే చిక్కులే. దారాన్ని 'సి' ఆకారంలో వంచి నీడిల్ హోల్డర్‌కు (సూదిని పట్టుకునే పరికరం) రెండు చుట్లు చుట్టి లాగాలి, తర్వాత ఎదురు దిశలో ఒక చుట్టు, మళ్లీ మొదటి దిశలో ఒకటి. అంచులు ఒకదానికొకటి ఆనితే చాలు. కుట్టు కింద పేగు తెల్లబడిందంటే రక్తం అందడం లేదు, అది తీసి మళ్లీ వేయాల్సిందే.

అపెండిక్స్ మొదలుకు మాత్రం బయట వేసిన ఉచ్చు ముడే హాయి. తగిలించి బిగిస్తే పనైపోయింది. 1980లో లాపరోస్కోపీతో అపెండిక్స్ తీసిన జర్మన్ డాక్టర్ కుర్ట్ సెమ్ కాలం నుంచీ అది నమ్మకంగా పనిచేస్తోంది. అయితే మొదలు మరీ లావుగా వాచిపోతే స్టేప్లర్ (కణజాలానికి పిన్నుల వరుస వేసి మూసే పరికరం) వైపు చూడాలి.

ఇక బార్బ్‌డ్ దారం. ఒంటి నిండా సన్నటి ముళ్లుంటాయి, లాగిన చోటే పట్టుకుని నిలబడుతుంది. ముడి అక్కర్లేదు, దారాన్ని బిగువుగా పట్టుకునే అసిస్టెంట్ అక్కర్లేదు. జీర్ణాశయాన్ని పేగుకు స్టేప్లర్‌తో కలిపాక మిగిలే రంధ్రాన్ని వరుస కుట్టుతో మూయడానికి ఇది నాకు చాలా ఇష్టం, టైమ్ బాగా కలిసొస్తుంది. కానీ ఒక కుట్టు తప్పు పడితే వెనక్కి లాగలేం, ముళ్లు కణజాలాన్ని చీలుస్తాయి. చివర్లో తోక మిగిల్చినా ప్రమాదమే. పక్కనున్న పేగు దానికి తగులుకుని అడ్డంకి ఏర్పడి, రెండోసారి ఆపరేషన్ చేయాల్సి వచ్చిన కేసులున్నాయి. గోడకు ఆనించి కత్తిరించాలి.

దారం ఏదైనా సూది సబ్‌మ్యూకోసాను, అంటే పేగు లోపలి పొర కిందుండే పొరను, పట్టి తీరాలి. పేగు గోడలో అసలు బలం ఆ పొరదే అని అమెరికన్ సర్జన్ హాల్‌స్టెడ్ 1887లోనే చూపించారు.

కొత్తవాళ్లు లోపలి ముడితోనే మొదలుపెట్టాలి, బాక్స్ ట్రైనర్ (సాధన కోసం వాడే పెట్టె) మీద, చేతికి అలవాటయ్యేదాకా. స్టేప్లర్ వరుసలో చిన్న లీకు కనిపించిన రోజున అక్కడ వేయాల్సింది ఆ ముడే.