క్వాంటమ్ మెకానిక్స్: ఇంట్లో ఏడాది, క్లాసులో ఆరు నెలలు

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ప్లస్ త్రీ (మా దగ్గర డిగ్రీని అలాగే అంటారు) ఫిజిక్స్ ఇక్కడే చేశాను. ఆ తర్వాత ఏడాది పాటు ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల వాళ్ల ఆన్‌లైన్ కోర్సులు) వీడియోలు పెట్టుకుని క్వాంటమ్ మెకానిక్స్ సొంతంగా చదివాను. అది చాల్లేదనిపించి బరంపురంలో ఒక జామ్ (ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీటు కోసం రాసే పరీక్ష) కోచింగ్‌లో ఆరు నెలలు కూర్చున్నాను. రెండూ వాడి చూశాను కాబట్టి రాస్తున్నా.

ముందు ఇంటి చదువు. కోర్సు 12 వారాలు. వీడియోలు చూడ్డానికి పైసా అక్కర్లేదు. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు, నేను 1,000 రూపాయలు కట్టాను. మార్కుల్లో 25 వారంవారం ఇచ్చే అసైన్‌మెంట్లకి, 75 పరీక్షకి. పన్నెండు అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన ఎనిమిదే లెక్కలోకి వస్తాయి. నాలాంటి బద్ధకస్తురాలికి ఈ సంగతి తెలియకపోతేనే మేలు. "నాలుగు వదిలేసినా పోయేదేం లేదు" అనుకుని నాలుగో వారం హాయిగా ఎగ్గొట్టాను. ఆపరేటర్ల పాఠం ఆ వారమే.

దాని ఫలితం తొమ్మిది రోజులు అనుభవించాను. ఆపరేటర్ అంటే పక్కనున్న ఫంక్షన్ మీద ఏదో ఒక పని చేసేది. ఎక్స్ (స్థానం) ఒక ఆపరేటర్, పి (మొమెంటం) ఇంకొకటి. పి అంటే మైనస్ ఐ హెచ్‌బార్ (ఐ అంటే మైనస్ ఒకటికి వర్గమూలం, హెచ్‌బార్ ఒక స్థిరాంకం) పెట్టి ఎక్స్‌తో డిఫరెన్షియేట్ చెయ్యడం. ఎక్స్‌పి లోంచి పిఎక్స్ తీసేస్తే ఐ హెచ్‌బార్ ఒక్కటే మిగలాలి. నాకేమో ఎన్నిసార్లు చేసినా ఐ హెచ్‌బార్ పక్కన ఇంకో ముక్క తోకలా వేలాడేది. వీడియో వెనక్కి తిప్పి అందులో ప్రొఫెసర్ రాసింది నా నోటుబుక్కులోకి దించుకున్నాను. దించుకున్నంతసేపూ అంతా సరిగ్గానే ఉండేది. బుక్కు మూసి సొంతంగా చేస్తే మళ్లీ తోక. చివరికి దాన్ని కొట్టేసి పక్కన "వదిలేయొచ్చు" అని రాసుకుని ముందుకెళ్లిపోయాను. ఇంట్లో చదివితే వచ్చే చిక్కు ఇదే. నువ్వు తప్పు రాసి కొట్టేసినా వీడియో ఏమీ అనదు.

బరంపురంలో పిన్ని వాళ్లింట్లో ఉన్నాను కాబట్టి గది అద్దె తప్పింది. క్లాసుకి ఆరు నెలలకి 18,000. అరవై మందిమి. పాంప్లెట్‌లో వారానికోసారి డౌట్ సెషన్ అని ఉంది, నాకు గుర్తున్నంతలో రెండుసార్లు జరిగింది. ఒకరోజు చెయ్యెత్తితే "తర్వాత" అన్నారు సారు. ఆ "తర్వాత" అన్నది టీ బడ్డీ దగ్గర వచ్చింది. సారు గ్లాసు పట్టుకుని నిలబడ్డారు, నేను నోటుబుక్కు తీశాను. "కొణొ హెలా?" (ఏమైంది?) అన్నారు. తోక చూపించాను. ఆయన నవ్వి, పెన్ను తీసుకుని, ఆపరేటర్ల కుడిపక్క సై (అవి పనిచెయ్యాల్సిన వేవ్ ఫంక్షన్) రాశారు. "దీనికి తినడానికేం పెట్టలేదు, ఖాళీ కడుపుతో ఎలా పనిచేస్తుంది?" అని ఒడియాలో అడిగారు. అంతే. సై ఉంటే పిఎక్స్ లో ప్రొడక్ట్ రూల్ (రెండిటి లబ్ధాన్ని డిఫరెన్షియేట్ చేసే సూత్రం) పడుతుంది, రెండు ముక్కలొస్తాయి, అందులో ఒకటి నా తోకని కొట్టేస్తుంది. అర నిమిషం పట్టింది. 18,000లో నాకు గిట్టుబాటైంది ఆ టీ బడ్డీయే.

అలాగని క్లాసులో ఏమీ లేదంటే అబద్ధం. ఏది చదవక్కర్లేదో క్లాసు చెప్తుంది. జామ్‌లో ఈ భాగానికి కావలసింది ఒకటి, రెండు, మూడు డైమెన్షన్ల బాక్సులు, హార్మోనిక్ ఆసిలేటర్, స్టెప్ పొటెన్షియల్ అనే పాఠాలు. నేనేమో యాంగ్యులర్ మొమెంటం, పెర్టర్బేషన్ అనే పాఠాల మీద రెండు నెలలు పెట్టాను. సారు మొదటి రోజే బోర్డు మీద అడ్డగీత గీసి, దాని కింద ఉన్నది ఎమ్మెస్సీలో చూసుకోమన్నారు. ఆ గీత ముందే ఎవరైనా గీసుంటే ఆ రెండు నెలలూ మిగిలేవి.

అదే సారు ఆసిలేటర్ యాభై నిమిషాల్లో అద్భుతంగా చెప్పారు. బయటికొస్తుంటే అంతా వచ్చేసిందనిపించింది. రాత్రి పిన్ని వంటింట్లో తెల్లకాగితం ముందు కూర్చుంటే మూడో లైను దాటలేదు. ఇంట్లో అయితే అదే పాఠం పదిసార్లు ఆపి, ఆపి, ప్రతి లైనూ నేను రాశాకే ముందుకెళ్లేదాన్ని. జామ్‌లో 60 ప్రశ్నలకి 100 మార్కులు. అందులో 20 ప్రశ్నలు, 30 మార్కులవి, ఆప్షన్లు లేకుండా సంఖ్య టైప్ చేసేవి. విని తలూపిన చదువు అక్కడ పనికిరాదు.

క్లాసుకెళ్తానంటే మా నాన్నకి మొదట్నించీ ఇష్టం లేదు. "మన ఊళ్లో గిడుగు రామమూర్తి గారు సవర భాష ఏ కోచింగ్‌లో నేర్చుకున్నారే?" అనేవారు. నిజమే, కోచింగ్ లేదు. కానీ తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని అడిగి అడిగి నేర్చుకున్నారు కదా. ఆ మాట అంటే నాన్న పేపరు అడ్డం పెట్టుకునేవారు.

నా మార్కులు: ఇంటి చదువుకి ఐదుకి మూడున్నర, క్లాసుకి రెండున్నర. ఇంటి దగ్గర మొదలుపెట్టి, తప్పులతో నోటుబుక్కు నిండాక క్లాసుకెళ్లడం నాకు నచ్చిన వరస. ఖాళీ బుర్రతో వెళ్తే అడగడానికి ప్రశ్నే ఉండదు. ల్యాబ్ ఉన్న పేపరైతే ఇదంతా మర్చిపోండి, నేరుగా కాలేజీకే వెళ్లండి. జామ్ క్వాలిఫై అయ్యాను, కోరుకున్న సీటు రాలేదు, మళ్లీ రాస్తున్నాను.

ఈసారి క్లాసు లేదు. బరంపురంలో నా పక్కన కూర్చున్న రాయగడ అమ్మాయీ నేనూ ఆదివారం ఆదివారం ఫోన్లో పేజీలు ఫొటో తీసి పంపుకుంటున్నాం. ఒకటే షరతు, కొట్టివేతలతో సహా పంపాలి. పోయిన వారం నేను ఫెయిర్ చేసి పంపితే, అసలుది పంపమని వాపస్ కొట్టింది.