మిద్దె మీది వాన నీరు మురుగు గొట్టంలోకి: గ్రౌండ్ ఫ్లోర్‌లో ఆరేళ్ల అనుభవం

2019 దసరాకు హైదరాబాదు శివారు తెల్లాపూర్ వైపు కొత్తగా కట్టిన ఒక గేటెడ్ కమ్యూనిటీలో గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటులో దిగాము. క్లబ్ హౌసు, లిఫ్టులు, పార్కింగ్ వంటివి చూసిరావడానికి వెళ్లిన ఎవరికైనా కనిపిస్తాయి కనుక వాటి జోలికి పోను. కొనేటప్పుడు ఎవరూ చూడనిదీ, చూపించమన్నా బిల్డరు మనుషులు సరిగా చూపించనిదీ డ్రైనేజీ. ఈ ఆరేళ్లలో నన్ను అన్నింటికంటే ఎక్కువగా బాధపెట్టినది అదే.

మొదటి ఏడాది నేను దానినే పొగిడాను. మా కాలనీ బయట మురుగు లైను లేదు. అందువల్ల నాలుగు బ్లాకుల మురుగంతా సెల్లారు కింద ఉన్న ఎస్‌టీపీకి, అంటే మురుగునీటి శుద్ధి కేంద్రానికి చేరి, అక్కడ శుద్ధి అయి, మొక్కలకూ టాయిలెట్ ఫ్లష్‌లకూ తిరిగి వస్తుంది. వేసవిలో పక్క కాలనీ వాళ్లు ట్యాంకర్ల కోసం ఎదురుచూస్తుంటే మా తోట పచ్చగా ఉండేది. మా పిన్ని కొడుక్కి ఈ సంగతే గొప్పగా చెప్పి, అతనూ ఇక్కడే కొనేలా చేశాను. అతను తీసుకున్నది ఆరో అంతస్తు కావడం ఒక్కటే ఇప్పుడు నాకు ఊరట.

2020 అక్టోబరు 13 రాత్రి నగరంలో కురిసిన వాన హైదరాబాదు వాళ్లెవరూ మరచిపోరు. బేగంపేట కేంద్రంలో 19 సెంటీమీటర్లకు పైగా నమోదైంది. మా వైపు సాయంత్రం నుంచే కరెంటు పోయి, జనరేటరు మీద లిఫ్టులూ వరండా దీపాలూ నడుస్తున్నాయి. రాత్రి భోజనాలు అయ్యాక మా అమ్మ తన గదిలోంచి పిలిచింది: "బిడ్డా, బాత్‌రూంలకెల్లి నీళ్లు పైకొస్తున్నయ్, జర చూడు." వెళ్లి చూసేసరికి నహాని ట్రాప్ (నేల మీది నీరు పోయే తూము) జాలీ తేలిపోయి, నల్లని నీరు శబ్దం లేకుండా ఉబికి వస్తోంది. గుడ్డలు కుక్కి, పైన ఇసుక సంచి పెట్టాము. అప్పుడు రెండో బాత్‌రూంలోంచి మొదలైంది. మోకాళ్ల నొప్పితో సరిగా నడవలేని అమ్మను మంచం మీద కూర్చోబెట్టి, నేనూ నా భార్యా తెల్లవారుజాము దాకా బకెట్లతో ఎత్తిపోస్తూనే ఉన్నాము. ఆ నీరు మా ఇంటి నీరు కాదు, అరవై ఇళ్ల నీరు. పూజ గది గడప దాకా వచ్చింది. బీరువాల కింది చెక్కలు ఉబ్బిపోయాయి. ఫినాయిలుతో ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన దీపావళి దాకా వదలలేదు.

ఇంత వానకు ఎక్కడైనా ఇలాగే జరుగుతుందని మెయింటెనెన్స్ వాళ్లు అన్నారు. చాలామంది ఆ మాట నమ్మారు, కొన్నాళ్లు నేనూ నమ్మాను. తరువాత కూర్చుని లెక్క వేశాను. మనిషికి రోజుకు 135 లీటర్ల వాడకం, అందులో ఎనభై శాతం మురుగు అని ఇంజనీర్లు లెక్క కడతారు. ఇంటికి నలుగురు చొప్పున అరవై ఫ్లాట్లున్న మా బ్లాకు రోజంతా పంపే మురుగు సుమారు 26 వేల లీటర్లు. మా బ్లాకు మిద్దె సుమారు 750 చదరపు మీటర్లు. బేగంపేటలో పడినదాంట్లో సగమే మా వైపు పడిందనుకున్నా, ఆ మిద్దె మీద పడిన వాన 70 వేల లీటర్లు దాటుతుంది. రోజంతా పారవలసిన మురుగుకు రెండున్నర రెట్ల నీరు కొన్ని గంటల్లోనే అదే గొట్టంలోకి దిగితే, ఆ గొట్టం ఎంత బాగా వేసినా తట్టుకోలేదు. ఇక తెలుసుకోవలసింది ఒకటే: వాన నీరు నిజంగా అందులోకే దిగుతోందా?

దిగుతోంది. అసోసియేషన్ తరఫున చాంబర్లు (గొట్టాలు వచ్చి కలిసే మూత గుంటలు) తెరిపిస్తే, మిద్దె మీది నుంచి వచ్చే గొట్టాల్లో ముందువైపువి రెండూ మురుగు చాంబరులోనే కలిసి ఉన్నాయి. అక్కడ వాన నీటి కాలువ మట్టం ఎక్కువగా ఉండటంతో, దగ్గరలో ఉన్న మురుగు చాంబరులో కలిపి పని ముగించేశారు. దీనికి తోడు చివరి దశ కట్టడం అయ్యాక సిమెంటు రోడ్డు మీద మరో పొర వేసి, చాంబర్ల మూతల ఎత్తు పెంచారు. నిండిన లైనులోంచి నీరు అన్నింటికంటే పల్లంలో ఉన్న నోటి గుండానే బయటికి వస్తుంది. మూతలు మా నేల మట్టానికి దిగువన ఉన్నంత కాలం ఏది పొంగినా రోడ్డు మీదే పొంగేది. రోడ్డు పెరిగాక ఆ పల్లపు నోరు మా బాత్‌రూం అయింది. జనరేటరు లైను ఎస్‌టీపీ పంపుకు ఇవ్వలేదని కూడా అప్పుడే బయటపడింది. ఆ రాత్రి మురుగు వచ్చి చేరే కలెక్షన్ ట్యాంకు నిండి అలాగే ఉండిపోయింది.

1908 మూసీ వరద తరువాత విశ్వేశ్వరయ్య గారిని పిలిపించినప్పుడు, వరద నివారణతో పాటు నగరం మురుగు పారుదల పథకం కూడా ఆయనకే అప్పగించారు. వాననూ మురుగునూ కలిపి ఆలోచించాలన్న సంగతి ఈ నగరానికి వందేళ్లకు పైగా తెలిసినదే.

రెరా, అంటే రియల్ ఎస్టేటు నియంత్రణ చట్టం ప్రకారం స్వాధీనం చేసిన అయిదేళ్లలోపు పనితనంలో లోపం చూపిస్తే, బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఆ సెక్షను చూపించి ఉత్తరం రాశాక ముందువైపు రెండు గొట్టాలను విడదీసి వాన నీటి కాలువలోకి మళ్లించారు. అంతా సరి అయిందని సంతోషించాము. 2022 జూలై ముసురులో మళ్లీ నీరు వచ్చింది, ఈసారి కొంచెమే. అప్పుడు ఒక పాత ప్లంబరు మేస్త్రీ చెప్పిన ఉపాయం ఇప్పటికీ అందరికీ చెబుతుంటాను. మిద్దె మీద వెనుకవైపు గొట్టం మూతి దగ్గర జాజు కలిపిన నీళ్లు నాలుగు బకెట్లు పోయించి, కింద మురుగు చాంబరు మూత తీయించి కూర్చోబెట్టాడు. రెండు నిమిషాల్లో ఎర్రని నీరు మా కళ్ల ముందే అందులోకి వచ్చింది. వెనుక రెండు గొట్టాలనూ ఎవరూ ముట్టుకోలేదన్నమాట. ఆ ఎర్రనీటి ఫొటోలు ఉత్తరంతో జత చేశాక ఇక వాదన లేదు.

ఆ రెండూ విడదీసిన తరువాత, మా సొంత ఖర్చుతో గ్రౌండ్ ఫ్లోర్ లైనును పై అంతస్తుల గొట్టం నుంచి వేరు చేయించి, చాంబరుకు ముందు నీటిని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వు పెట్టించాము. గత మూడు వానాకాలాలూ చుక్క నీరు వెనక్కి రాలేదు. అయితే చాంబరు వైపు లైను నిండి వాల్వు మూసుకున్నప్పుడు మన నీరు కూడా బయటికి పోదు కనుక, కుండపోత వానలో స్నానాలు ఆపుకోవలసిందే.

చాంబరు పూడినప్పుడు మనిషిని లోపలికి దించుదామని కమిటీలో ఒకరు అన్నప్పుడు నేను గట్టిగా అడ్డుపడ్డాను. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని అలా దించడాన్ని 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ఒప్పుకోదు. చట్టం లేకపోయినా ఆ విషవాయువులోకి ఒకరి బిడ్డను దించి నా ఇల్లు శుభ్రం చేసుకోలేను. నీటిని వేగంగా చిమ్మి పూడిక తీసే జెట్టింగ్ యంత్రం వచ్చేదాకా రెండు రోజులు ఆ కంపును భరించాము.

మొదట పొగిడిన ఎస్‌టీపీ విషయంలోనూ కొంత వెనక్కి తగ్గుతున్నాను. మురుగును తినే సూక్ష్మజీవులు బతకడానికి బ్లోయర్లు పగలూ రాత్రీ గాలి ఊదాలి. కరెంటు బిల్లు తగ్గించడానికి రాత్రిళ్లు వాటిని ఆపేసిన ఒక వేసవిలో ఫ్లష్ నీరు పసుపుపచ్చగా, వాసనతో వచ్చింది. మళ్లీ గాలి పెట్టాక కూడా అది తేరుకోవడానికి వారాలు పట్టింది. నడిపేవాడు శ్రద్ధగలవాడైతేనే అది వరం. ఇప్పుడున్న ఆపరేటరు శ్రద్ధగలవాడు, రేపటి సంగతి చెప్పలేను.

ఇల్లు మారతారా అని బంధువులు అడుగుతుంటారు. అమ్మ మెట్లు ఎక్కలేదు, కరెంటు పోతే లిఫ్టును నమ్మి ఉండలేదు. నా ఆఫీసు దగ్గర. పిల్లవాడి బడి ఎదురుగా ఉంది. ఇవన్నీ ఉన్నందువల్ల మేము ఇక్కడే ఉంటాము, ఇప్పటికి పరవాలేదనే అంటాను. ఇవేవీ లేనివారికి కొత్త కాలనీలో గ్రౌండ్ ఫ్లోర్ తీసుకోమని చెప్పడానికి నాకు నోరు రాదు. తప్పదనుకుంటే మాత్రం ఒక వానాకాలం గడిచాక వెళ్లి, చాంబరు మూత మట్టాన్నీ బాత్‌రూం నేల మట్టాన్నీ లెవెల్ పైపుతో కొలిపించి, మిద్దె గొట్టాల దగ్గర జాజు నీళ్లు పోయించి చూసుకోండి. మేము ఏటా మృగశిర కార్తెకు ముందు వాల్వు మూత తీయించి, లోపల ఇరుక్కున్న వెంట్రుకలూ జిడ్డూ కడిగిస్తున్నాము. ఈ ఏడాది అమ్మ కుర్చీ వేయించుకుని దగ్గర కూర్చుని మరీ కడిగించింది.