పోలింగ్ శాతం చూసి ప్రతిపక్షం బలం చెప్పొచ్చా? ఎన్నికల లెక్కల సేవలపై గోదావరి డెల్టా నుంచి ఒక సమీక్ష

పోలింగ్ ఇంకా ముగియకముందే గోదావరి జిల్లాల్లో టీకొట్ల దగ్గర ఒకటే ప్రశ్న: శాతం ఎంత? తగ్గిందని తెలిస్తే చాలు, ప్రతిపక్షం పని అయిపోయిందనీ వాళ్ళ ఓటర్లు ఇల్లు కదల్లేదనీ కొందరు తేల్చేస్తారు. ప్రభుత్వం మీద విసుగెత్తే జనం రాలేదని ఇంకొందరంటారు. ఒకే అంకె మీద రెండు తీర్పులు. ఆ అంకెను మనకు అందించే సేవలు ఎంతవరకు పనికొస్తాయో, ఎక్కడ తప్పుదారి పట్టిస్తాయో పరిశీలించి రాసిన సమీక్ష ఇది. ఊళ్ళలో పార్టీ పని చేసేవాళ్ళకూ, స్థానిక విలేకరులకూ, ఎన్నికల లెక్కలంటే ఆసక్తి ఉన్న విద్యార్థులకూ ఉపయోగపడాలని రాశాం.

చూసినవి నాలుగు: పోలింగ్ రోజు శాతం చూపించే యాప్, ఓటర్ల జాబితా పీడీఎఫ్, ఫలితాల తర్వాత బూత్‌వారీ ఓట్లు ఇచ్చే ఫారం 20, పోలింగ్ ముగిశాక బూత్‌లో కూర్చునే పార్టీ ఏజెంట్లకు ఇచ్చే ఫారం 17సీ. యాప్, జాబితా, ఫారం 20 ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. 17సీ ఏజెంటుగా కూర్చున్నవాళ్ళ చేతికే వస్తుంది. మా తీర్పు ముందే చెప్పేస్తాం. యాప్ ఒక్కటే చూసి ప్రతిపక్షం బలం అంచనా వేయొద్దు, అందుకు అది అయిదుకు ఒక మార్కు సాధనం. జాబితా, ఫారం 20 పక్కపక్కన పెట్టుకుని ఓపిగ్గా కూర్చుంటే అయిదుకు నాలుగు ఇవ్వొచ్చు.

శాతం ఒక్కటే ఎందుకు చాలదో మన డెల్టానే చెబుతుంది. 2019లో రాష్ట్రంలో పోలింగ్ దాదాపు 80 శాతం, 2024లో దాదాపు 82. తేడా రెండు పాయింట్లే. ఆ రెండు పాయింట్ల తేడాలోనే ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల 34 స్థానాల్లో వైఎస్సార్ కాంగ్రెస్ 27 నుంచి సున్నాకు వచ్చింది. సీట్ల లెక్క కూడా మద్దతును సరిగా చూపదు. 2019లో తెలుగుదేశానికి 39.17 శాతం ఓట్లకు 23 సీట్లు వచ్చాయి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39.37 శాతానికి 11 వచ్చాయి. రెండుసార్లూ ఓడిన పార్టీ వెనుక జాబితాలోని ఓటర్లలో ఇంచుమించు మూడో వంతు నిలబడ్డారు. ఆ మాట పోలింగ్ శాతంలో ఎక్కడా కనపడదు.

ఇక శాతం పడిపోయిన సందర్భం. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు నాలుగు విడతల్లో జరిగాయి, ప్రతి విడతలోనూ పోలింగ్ 80 దాటింది. రెండు నెలలు తిరక్కుండా ఏప్రిల్ 8న పరిషత్ ఎన్నికలు పెడితే 60 దగ్గరే ఆగింది. మధ్యలో జరిగిందేమిటంటే, ఏప్రిల్ 2న తెలుగుదేశం బహిష్కరణ ప్రకటించింది. నామినేషన్లు మాత్రం 2020 మార్చిలోనే పడ్డాయి. కరోనాతో ఎన్నిక ఏడాది పాటు ఆగింది కాబట్టి బ్యాలెట్ పేపరు మీద సైకిల్ గుర్తు అలాగే ఉండిపోయింది. గుర్తు ఉంది కానీ దాని తరఫున స్లిప్పులు పంచేవాళ్ళు లేరు, ముసలివాళ్ళను ఆటో ఎక్కించి తెచ్చేవాళ్ళు లేరు, చాలా బూత్‌ల్లో ఏజెంటూ లేడు. పైగా కరోనా రెండో దశ ఎగబాకుతున్న రోజులు, డెల్టాలో దాళ్వా కోతలు మొదలయ్యే రోజులు. సెప్టెంబరు 19న లెక్కిస్తే పోటీ జరిగిన 515 జడ్పీటీసీల్లో దాదాపు అన్నీ అప్పటి అధికార పార్టీ వైఎస్సార్ కాంగ్రెస్‌కే వెళ్ళాయి. బహిష్కరించిన పార్టీకి ఎవరూ అడగకుండానే 800కు పైగా ఎంపీటీసీలు వచ్చాయి. ఆ రోజు 60 శాతం చూసి ప్రతిపక్షం చచ్చిపోయిందని రాసినవాళ్ళు మూడేళ్ళ తర్వాత గోదావరి జిల్లాల్లో 34కు 34 తెలుగుదేశం కూటమికి రావడం చూశారు.

ఇంకో సంగతి. ఆ పరిషత్ ఎన్నికల్లో 2,300కు పైగా ఎంపీటీసీలు ఏకగ్రీవం. అక్కడ పోలింగే జరగలేదు, కాబట్టి ఆ ఊళ్ళు శాతం లెక్కలోకే రాలేదు. ఎక్కడ పోటీ పూర్తిగా అణగారిందో సరిగ్గా ఆ ఊళ్ళే లెక్కలో మాయమయ్యాయన్నమాట.

ఇదే పాఠం ఇంకా స్పష్టంగా కావాలంటే నెల్లూరు జిల్లా ఆత్మకూరు చూడాలి. 2019లో అక్కడ పోలింగ్ 80 దాటింది, వైఎస్సార్ కాంగ్రెస్‌కు దాదాపు 93 వేల ఓట్లు, 22 వేల పైచిలుకు మెజారిటీ. 2022 జూన్ ఉపఎన్నికలో తెలుగుదేశం పోటీ చేయలేదు. పోలింగ్ 64 దగ్గరికి జారింది, మెజారిటీ 82 వేలు దాటింది. మెజారిటీ 60 వేలు పెరిగింది కానీ గెలిచిన పార్టీకి కొత్తగా వచ్చిన ఓట్లు పది వేల లోపే. మిగతాదాంట్లో ఎక్కువ భాగం ఎదుటి పక్షం ఓటర్లు పెట్టెల దగ్గరికి రాకపోవడమే. 2024లో పోటీ తిరిగి వచ్చింది, ఆ సీటు తెలుగుదేశం గెలిచింది.

యాప్ సంగతి. ఎన్నికల సంఘం ఓటర్ టర్నౌట్ యాప్ చేసే పని ఇప్పుడు ఆ సంఘం కొత్త యాప్ ఈసీఐనెట్‌లోకి చేరింది. ఉదయం 9 నుంచి రెండు గంటలకోసారి శాతం వస్తుంది. వేగం బాగుంది, నియోజకవర్గం వరకు విడివిడిగా చూపిస్తుంది. అయితే అది ఉజ్జాయింపు, పోస్టల్ ఓట్లు అందులో ఉండవు, బూత్‌వారీ లెక్కా ఉండదు. 2024 మే 13న సాయంత్రం 5 గంటలకు మన రాష్ట్రానికి 68 దగ్గర చూపించింది. అప్పటికి లైన్లు కదుల్తూనే ఉన్నాయి. 6 గంటలకు లైన్లో ఉన్న ప్రతివాళ్ళకూ చివరి మనిషి నుంచి మొదలుపెట్టి స్లిప్పులు ఇస్తారు, వాళ్ళందరూ ఓటేసేదాకా పోలింగ్ ఆగదు. కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటింది. ఎండ భయంతో పొద్దున్నే ఓ ఊపు, చల్లబడ్డాక ఇంకో ఊపు, మే నెలలో డెల్టా పోలింగ్ నడిచే తీరే అది. అందుకే 3 గంటల అంకె మీద టీవీలో వినిపించే విశ్లేషణను పట్టించుకోనక్కర్లేదు.

శాతంలో పైన ఉండే సంఖ్య, అంటే పోలైన ఓట్ల మీదే అందరి కళ్ళూ. తప్పు ఎక్కువగా కింద ఉండే సంఖ్యలో, అంటే మొత్తం ఓటర్ల లెక్కలో ఉంటుంది. జాబితాలో పేరున్నవాళ్ళంతా ఊళ్ళో ఉండరు. కోనసీమలో కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్ళినవాళ్ళ పేర్లు ఉంటాయి. వాళ్ళు ఓటేయాలంటే స్వయంగా రావాలి. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసేవాళ్ళ పేర్లు ఉంటాయి. పేరు తీసేయమని అడిగే ఫారం 7 పెట్టేవాళ్ళు లేక చనిపోయినవాళ్ళ పేర్లు మిగిలిపోతాయి. వెయ్యి పేర్లున్న బూత్‌లో 620 ఓట్లు పడితే 62 శాతం. అందులో 120 మంది చనిపోయినవాళ్ళు, వెళ్ళిపోయినవాళ్ళు, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు అనుకుంటే, ఊళ్ళో ఉన్న 880 మందిలో 70 శాతం వచ్చినట్టు. అసెంబ్లీ ఎన్నికకు హైదరాబాద్ నుంచి బస్సులు నిండి వస్తాయి. పరిషత్ ఎన్నికకో ఉపఎన్నికకో అలా రారు. కాబట్టి ఆ రెంటి శాతాలు పోల్చి ప్రతిపక్షం ఇంత తగ్గిందని చెప్పడం కుదరదు. అసెంబ్లీని అసెంబ్లీతోనే, పరిషత్‌ను పరిషత్‌తోనే పోల్చాలి.

అసలు సరుకు ఫారం 20లో ఉంది. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో నియోజకవర్గం వారీగా దొరుకుతుంది. వరసకో పోలింగ్ కేంద్రం, నిలువు గడుల్లో ఒక్కో అభ్యర్థి ఓట్లు, చెల్లిన ఓట్లు, నోటా, మొత్తం, చివర టెండర్డ్ ఓట్లు (తమ పేరుతో వేరేవాళ్ళు అప్పటికే ఓటేసేసినప్పుడు విడిగా వేయించే ఓట్లు). అడుగున పోస్టల్ ఓట్లు విడిగా. దీని పెద్ద లోపం, బూత్‌కు ఎంతమంది ఓటర్లో ఇందులో ఉండదు. ఎన్నిక జరిగిన కాలం నాటి ఓటర్ల జాబితా తెరిచి, అందులో ఆ బూత్‌కు చెందిన భాగం మొదటి పేజీలో పురుషులు, స్త్రీలు, ఇతరులు, మొత్తం అని ఉండే గడి నుంచి ఆ సంఖ్య తెచ్చుకోవాలి. రెండూ చాలావరకు స్కాన్ చేసిన బొమ్మల్లాంటి పీడీఎఫ్‌లు, కాపీ చేసి అతికించడం కుదరదు. చేత్తో ఎక్కించుకోవాల్సిందే. ఎక్కించాక అడ్డంగా కూడి, ఫారంలో ఇచ్చిన మొత్తంతో సరిపోతుందో లేదో ప్రతి వరసకూ చూసుకోవాలి. 3ను 8గా చదవడం మామూలుగా జరిగే పొరపాటు.

ఎక్సెల్‌లో గడులు ఇలా పెట్టుకోండి: బూత్ నంబరు, ఊరు లేదా పేట, మొత్తం ఓటర్లు, పోలైనవి, అధికార పార్టీ, ప్రతిపక్షం, ఇతరులు, నోటా. రెండు ఎన్నికలకూ ఇవే గడులు. తర్వాత చేసే భాగహారంలోనే కిటుకు ఉంది. పార్టీ ఓట్లను పోలైన ఓట్లతో భాగించడం అందరూ చేసేదే. మీరు మొత్తం ఓటర్లతో భాగించండి.

ఒక ఊహా బూత్ తీసుకుందాం, వెయ్యి ఓటర్లు. మొదటి ఎన్నికలో 820 పోలయ్యాయి: అధికార పార్టీకి 430, ప్రతిపక్షానికి 360, ఇతరులకు 30. రెండోసారి 600 పోలయ్యాయి: 390, 180, 30. పోలైనవాటిలో చూస్తే అధికార పార్టీ 52 నుంచి 65 శాతానికి ఎగిరింది, ప్రతిపక్షం 44 నుంచి 30కి పడింది. పేపర్లో వచ్చే శీర్షిక అదే. జాబితా మీద చూస్తే అధికార పార్టీ 43 నుంచి 39కి తగ్గింది, ప్రతిపక్షం 36 నుంచి 18కి. అంటే ఒక్క కొత్త ఓటు కూడా నికరంగా రాకుండానే అధికార పార్టీ పెరిగినట్టు కనిపించింది. ప్రతిపక్షం వదులుకున్న 180 ఓట్లు ఎక్కువగా ఇంట్లోనే ఉన్నాయనుకోవడానికి ఇక్కడ ఆస్కారం ఉంది. అయితే ఇవి నికర లెక్కలు. కొందరు ప్రతిపక్షం ఓటర్లు ఇటు మారి, అంతేమంది అధికార పార్టీ ఓటర్లు ఇంట్లో కూర్చున్నా ఇవే అంకెలు వస్తాయి. ఒక్క బూత్ చూసి తేల్చకుండా మండలంలోని బూత్‌లన్నిటిలో ఇదే ధోరణి ఉందా అని చూడాలి.

పని చెడిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. 2019లో 112 నంబరు బూత్, 2024లో 112 నంబరు బూత్ ఒకటే ఊరిది కాకపోవచ్చు. ఓటర్లు 1,500 దాటితే బూత్‌ను విడదీసి నంబరు పక్కన ఇంగ్లీషు ‘A’ అక్షరంతో అనుబంధ కేంద్రం పెడతారు, ఇప్పుడు ఆ పరిమితి 1,200కు తగ్గింది. నంబర్లను నమ్మకుండా ఊరి పేరు, పేట పేరుతో జత చేసుకుని, విడిపోయిన బూత్‌లను కలిపేసి చూడండి. ఊరు రెండు బూత్‌లైనప్పుడు లంక అవతలి ఇళ్ళు ఏ బూత్‌లోకి వెళ్ళాయో జాబితా మొదటి పేజీలోని సెక్షన్ల పేర్లు చెబుతాయి. పొత్తులు ఇంకో చిక్కు. రాజోలు, భీమవరం, నరసాపురంలాంటి చోట్ల 2019లో జనసేన, తెలుగుదేశం విడివిడిగా పోటీ చేశాయి, 2024లో కలిశాయి. ఒక గుర్తు ఓట్లను పట్టుకుని పోల్చితే ఏమీ తేలదు, రెంటి మొత్తాన్నే పోల్చాలి. పోస్టల్ ఓట్లు ఏ బూత్‌కూ చెందవు కాబట్టి ఉద్యోగులు ఎక్కువగా ఉండే పట్టణ బూత్‌ల్లో పోలింగ్ ఉన్నదానికన్నా కాస్త తక్కువగా కనిపిస్తుంది.

పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికకు ఈ పద్ధతి పనికిరాదు. ఫారం 18 పెట్టి నమోదైన పట్టభద్రులే అక్కడ ఓటర్లు, జాబితా ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి స్థానానికి జరిగిన పోలింగ్‌లో వైఎస్సార్ కాంగ్రెస్ బరిలోనే లేదు. ఆ శాతం నుంచి ఆ పార్టీ బలం గురించి ఎవరు ఏం చెప్పినా ఊహే. 2021లో తెలుగుదేశానికి వర్తించిన న్యాయమే ఇప్పుడు వీళ్ళకూ వర్తిస్తుంది.

ఫారం 17సీ గురించి పార్టీల్లో పట్టింపు తక్కువ, మాకు బాధ కలిగించే విషయం ఇదే. పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ అధికారి సంతకంతో ఏజెంటుకు ఇచ్చే కాగితం అది. బూత్‌కు కేటాయించిన మొత్తం ఓటర్లు, 17ఏ రిజిస్టరులో సంతకం పెట్టినవాళ్ళు, వచ్చి కూడా ఓటేయనన్నవాళ్ళు, యంత్రంలో నమోదైన ఓట్లు అన్నీ ఒక్క పేజీలో. ఫారం 20లో లేని కింది సంఖ్య ఇందులో ఉంది. 2024లో ఈ కాగితాలను పోలింగ్ అయిన వెంటనే వెబ్‌సైట్‌లో పెట్టాలన్న వినతి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, మే 24న కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. కాబట్టి ఏజెంటు జేబులో ఉన్న నకలే మనకు ఆధారం. అదే ఏజెంటు దగ్గర టిక్కులు పెట్టుకున్న ఓటర్ల జాబితా ఉంటుంది. రాని వాళ్ళెవరో పేర్లతో సహా చెప్పే, పార్టీ చేతిలో ఉండే కాగితం అదే. చాలాచోట్ల భోజనాల పొట్లాలతో పాటు అది కూడా బూత్‌లోనే మిగిలిపోతుంది.

పోలింగ్ తగ్గడం నిజంగా ప్రతిపక్షం బలహీనతే అనుకోవాలంటే నాలుగూ కలవాలి. పార్టీ మనసుపెట్టి పోటీ చేసి ఉండాలి, అంటే బూత్‌కో ఏజెంటు సాయంత్రం దాకా కూర్చుని ఉండాలి. పోల్చేది అదే రకం ఎన్నికై ఉండాలి. గతంలో ఆ పార్టీకి ఆధిక్యం వచ్చిన బూత్‌ల్లో పోలింగ్ మిగతా బూత్‌లకన్నా ఎక్కువగా పడిపోయి ఉండాలి. జాబితా మీద లెక్కేస్తే ఎదుటి పక్షం ఓట్లు నిలబడి వీళ్ళవే తగ్గి ఉండాలి. అన్ని బూత్‌ల్లో సమానంగా తగ్గితే అది వానో, కోతలో, ఎన్నిక మీద ఆసక్తి లేకపోవడమో అవుతుంది. మూడోది తేల్చడానికి బూత్‌లను పాత ఆధిక్యం ప్రకారం వరసపెట్టి, పై పావు వంతులో, కింది పావు వంతులో పోలింగ్ ఎంత తగ్గిందో విడివిడిగా సగటు తీస్తే చాలు. నియోజకవర్గం మొత్తం అక్కర్లేదు, ఒక మండలంతో మొదలుపెట్టండి. అంకెలు ఎక్కించడానికి ఇద్దరు కూర్చోండి, ఒకరు చదువుతుంటే ఇంకొకరు కొట్టాలి.