మియాటాకి కోనీ పసుపు షాకులు: ఏడాదిన్నర రోడ్డు, ఆరు ట్రాక్ రోజుల తర్వాత

కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకి ముందే చెప్పేస్తాను, కొనండి. ఆఫీసుకి వెళ్లే కారుతోనే ఏడాదికి నాలుగైదు సార్లు రేస్ ట్రాక్‌కి కూడా వెళ్లేవాళ్లు పాత మియాటా (మాజ్డా వాళ్ల చిన్న స్పోర్ట్స్ కారు) కింద పసుపు రంగు కోనీ స్పోర్ట్ షాకులు, ఫ్లయిన్ మియాటా అనే కంపెనీ స్ప్రింగులు వేసుకుంటే ఆ డబ్బు ఎక్కడికీ పోదు. రెండూ కలిపి నాకు వెయ్యి డాలర్ల పైన అయింది. అయితే నా కారు ఇప్పుడు నడుస్తున్న తీరులో సగం ఎలైన్‌మెంట్‌ది (అంటే చక్రాల కోణాలు సరిచేయడం), టైర్లది. ఆ సంగతి దాచి షాకులనే పొగిడితే మీకు అబద్ధం చెప్పినట్టే, అందుకే అన్నీ కలిపి రాస్తున్నాను.

కారు 2003 మోడల్, 1.8 లీటర్ ఇంజను, మాన్యువల్ గేర్లు. నేను ఉండేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో. ఇండియాలో మాజ్డా కార్లు అమ్మలేదు కాబట్టి చూడనివాళ్ల కోసం ఒక మాట: రెండే సీట్లు, తీసేసుకునే టాపు, వెనక చక్రాలకి పవరు, బరువు వెయ్యి కిలోలు దాటి కొద్దిగా, అదీ ముందూ వెనకా దాదాపు సమానం, నాలుగు చక్రాలకీ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ (ప్రతి చక్రాన్నీ పైనొకటి, కిందొకటి రెండు ఆర్ములు పట్టుకుంటాయి). ఇంజను 140 హార్స్‌పవర్ చిల్లర, అంతే. తిన్నటి రోడ్డులో ఎవరైనా దాటేస్తారు, దీనికి దొరికే టైమంతా మలుపుల్లోనే దొరుకుతుంది. అందుకే ఈ కారు కొన్నవాళ్ల ధ్యాసంతా హ్యాండ్లింగ్ మీదే ఉంటుంది.

దీనికి ముందు రెండేళ్లు చవక కాయిలోవర్ల సెట్ (షాకు మీదే స్ప్రింగు ఉండి, మరలు తిప్పి కారు ఎత్తు మార్చుకునేవి) ఒకటి వాడాను. ముందు 8 కేజీ, వెనక 6 కేజీ స్ప్రింగులు (ఒక మిల్లీమీటరు నొక్కుకోవడానికి పట్టే బరువు అది), ముప్పై రకాల సెట్టింగులు, కారు నేలకి అంటుకున్నట్టు కిందకి దిగింది, ఫొటోల్లో అద్భుతంగా ఉండేది. నడిపితే మాత్రం నరకం. 880 హైవే మీద కాంక్రీటు అతుకులు దాటుతున్నప్పుడల్లా వెన్నుపూస కదిలేది, మా ఆవిడ రెండోసారి ఎక్కనని చెప్పేసింది. ట్రాక్ మీద అయినా బాగుంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. అక్కడా బాగాలేదు. థండర్‌హిల్ అనే ట్రాక్‌లో అయిదో మలుపు ఉంది, సైక్లోన్ అంటారు, కొండెక్కి అవతలి వైపు ఏముందో కనపడకుండా దిగాలి. ఆ దిగే చోట వెనక చక్రాలు రోడ్డుని వదిలేసి ఒక అడుగు పక్కకి గెంతేవి. భయం వేసి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంకా తిరిగేది. టైరు గాలిలో ఉన్నప్పుడు ఎంత ఖరీదైన టైరైతే మాత్రం ఏం లాభం?

అసలు కారణం విప్పి చూశాక అర్థమైంది. ఈ తరం మియాటాల్లో వెనక చక్రం పైకి వెళ్లడానికి చోటే తక్కువ. కారుని బాగా కిందకి దించితే ఆ ఉన్న కాస్తా పోతుంది, చిన్న గతుకుకే షాకు వెళ్లి బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. అక్కడ స్ప్రింగు పని అయిపోయినట్టే, రబ్బరు ముక్క మీద బండి నడుస్తున్నట్టే. నా పాత బంప్ స్టాపులు బయటికి తీస్తే వెనకవి రెండూ నలిగి పిండి పిండిగా చేతిలోకి రాలాయి.

ఇప్పుడు కోనీల సంగతి. స్ప్రింగులు పాతవాటి కంటే బాగా మెత్తనివి, కంపెనీవాటి కంటే గట్టివి. షాకులో మనం తిప్పి మార్చుకోగలిగింది రీబౌండ్ ఒక్కటే, అంటే నొక్కుకున్న స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు దాన్ని ఎంత గట్టిగా పట్టి ఆపాలన్నది. ముందువి బానెట్ ఎత్తి, వెనకవి డిక్కీ లోపలి అట్ట తీసి, షాకు కడ్డీ కొసన చిన్న నాబ్ పెట్టి తిప్పడమే. నాలుగింటికీ కలిపి పది నిమిషాలు పట్టదు. నేను రోడ్డు మీద మెత్తటి వైపు నుంచి ముందు ముప్పావు చుట్టు, వెనక అర చుట్టు పెడతాను. ట్రాక్‌కి వెళ్లినప్పుడు రెండింటికీ ఇంకో అర చుట్టు. అంతకు మించి బిగిస్తే వరసగా గతుకులొచ్చే చోట స్ప్రింగు పూర్తిగా సాగేలోపే రెండో గతుకు వచ్చేసి, కారు మెట్టు మెట్టుగా కిందకి దిగిపోతుంది. గట్టిగా ఉంటేనే స్పోర్ట్స్ కారు అనుకునేవాళ్లు ఒక్కసారి మెత్తగా పెట్టి నడిపి చూడండి.

మొదటి ఆదివారం పొద్దున్నే స్కైలైన్ అనే కొండ రోడ్డు మీద నడిపాను, హైవే 9 దగ్గర మొదలుపెట్టి ఆలిస్ రెస్టారెంట్ దాకా. చెట్ల వేర్లకి రోడ్డు ఉబ్బిన చోట్లు బోలెడున్నాయి ఆ దారిలో. పాత సెట్‌తో మలుపు మధ్యలో అలాంటి ఉబ్బు తగిలితే స్టీరింగ్ చేతుల్లోంచి గుంజుకునేది. ఈసారి కింద దబ్ మని మెత్తటి చప్పుడు ఒకటి వినపడింది, కారు పట్టిన గీత మీదే పోయింది. నేను పక్కకి ఆపి కాసేపు అలాగే కూర్చున్నాను, అంత సంతోషం వేసింది.

ఎలైన్‌మెంట్ గురించి మాత్రం బద్ధకించకండి. ఈ కారులో నాలుగు చక్రాలకీ క్యాంబర్ (చక్రం పైకొస లోపలికో బయటికో వాలి ఉండడం), టో (చక్రాల ముందు వైపు లోపలికో బయటికో తిరిగి ఉండడం) రెండూ కంపెనీ ఇచ్చినవాటితోనే మార్చుకోవచ్చు, కొత్తగా ఏదీ కొనక్కర్లేదు. మొదట ఒక మామూలు టైర్ల షాపులో చేయించాను. అంకెలన్నీ పచ్చగా ఉన్నాయి సార్ అని ప్రింటు చేతిలో పెట్టారు. ఆ పచ్చ రంగు కంపెనీ లెక్క, ట్రాక్ లెక్క కాదు. థండర్‌హిల్‌లో రెండో మలుపు ఎడమకి చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది, ఆ సేపంతా భారం కుడి ముందు టైరు మీదే. మధ్యాహ్నం సెషన్ అయ్యాక ఆ టైరు బయటి అంచు మీద అరచేయి పెట్టి చూస్తే రబ్బరు ఇసుకలా గరుగ్గా లేచి ఉంది, టైరు అంచున ఉండే చిన్న త్రికోణం గుర్తు పూర్తిగా అరిగిపోయింది, లోపలి అంచు మాత్రం కొత్తగా మెరుస్తోంది. అంటే టైరులో సగమే పని చేసింది.

తర్వాత రేసు కార్లు చేసే ఒక చిన్న గ్యారేజీకి తీసుకెళ్లాను. నా బరువుకి సరిపడా ఇసుక బస్తాలు డ్రైవరు సీట్లో పెట్టి మరీ చేశారు. ముందు క్యాంబర్ మైనస్ 2.2 డిగ్రీలు (మైనస్ అంటే పైకొస లోపలికి), వెనక మైనస్ 1.8, ముందు టో సున్నా, వెనక రెండూ కలిపి 3 మిల్లీమీటర్ల టో-ఇన్. మూడు గంటల పని, 220 డాలర్లు. ఇంత క్యాంబర్ పెడితే రోడ్డు మీద టైర్లు లోపలి వైపు అరిగిపోతాయని చాలామంది టెన్షన్ పడతారు. నాకు పన్నెండు వేల మైళ్లకి కొద్దిగానే అరిగాయి. టైర్లని నిజంగా తినేసేది తప్పు టో. ఇంకో విషయం, డోరు దగ్గర స్టిక్కరు మీద గాలి 26 పీఎస్ఐ అని ఉంటుంది. మెకానిక్ షాపుల్లో అలవాటుగా 35 కొట్టేస్తారు, వచ్చాక తగ్గించుకోండి, ఒక్క పైసా ఖర్చు లేకుండా కారు మారిపోతుంది.

బ్రేకులకి పెద్ద కిట్లు అక్కర్లేదు. మంచి ప్యాడ్లు, కొత్త ఫ్లూయిడ్ చాలు. నేను మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 వాడతాను, కొత్తగా పోసినప్పుడు 312 డిగ్రీల దాకా మరగదు, మామూలు డాట్ 4 రకం ఫ్లూయిడ్‌కి కనీసం 230 ఉంటే చాలన్నది రూలు. థండర్‌హిల్ ఉన్న విల్లోస్ ఊరి ఎండల్లో ఆ తేడా పెడల్ కిందే తెలుస్తుంది. రోల్ బార్ (కారు బోల్తా పడితే తలని కాపాడే ఇనప కమాను) లేకుండా ఈ కారుని చాలా క్లబ్బులు ట్రాక్ ఎక్కనివ్వవు, హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నాక రోల్ బార్ మీంచి ముందు అద్దం పైఅంచు దాకా ఒక కర్ర ఆనించి చూస్తారు, తల దానికి తగలకూడదు. పొడుగ్గా ఉన్నవాళ్లు షాకుల కంటే ముందు ఈ ఖర్చు లెక్కేసుకోండి.

కోనీలతో లోటు ఉన్నది ఒకే చోట. కారు ఎత్తుని మరలు తిప్పి మార్చుకునే వీలు లేదు కాబట్టి నాలుగు చక్రాల మీదా బరువు సరిచూసి కార్నర్ బ్యాలెన్స్ చేయించుకోలేరు. టైమ్ కోసం పోటీ పడేవాళ్లకి అది కావాలి, వాళ్లు మంచి కాయిలోవర్లకే వెళ్లాలి, మంచివి అంటున్నాను. స్లిక్కులకి (గాడులు లేని రేసు టైర్లు) దగ్గరగా ఉండే జిగురు టైర్లు వేసేవాళ్లకి కూడా ఈ స్ప్రింగులు చాలవు, కారు మరీ ఒరుగుతుంది. నావి మామూలు సమ్మర్ టైర్లు, వాటికి సరిగ్గా సరిపోయాయి.

హైదరాబాద్ నుంచి పోలో, వర్టస్ కార్లు తీసుకుని కోయంబత్తూరు కరి ట్రాక్‌కో చెన్నై పక్కన ఉన్న ట్రాక్‌కో వెళ్లేవాళ్లకి కూడా వరస ఇదే: టైరు గాలి, ఫ్లూయిడ్, ఎలైన్‌మెంట్, ఆ తర్వాతే షాకులు. అయితే వాటికి ముందు చక్రాల దగ్గర మెక్‌ఫర్సన్ స్ట్రట్ (పై ఆర్ము లేకుండా షాకే చక్రాన్ని పట్టుకునే రకం) కాబట్టి క్యాంబర్ ఇంత తేలిగ్గా రాదు, దానికి షాకు పైకొసన క్యాంబర్ ప్లేట్లు వేయించాలి.

నా కారుకి ఇంకా ఇరవై ఏళ్ల నాటి రబ్బరు బుష్‌లే (సస్పెన్షన్ కీళ్ల దగ్గర ఉండే తొడుగులు) ఉన్నాయి, చలికాలంలో అవి మార్చాలి. ఎలైన్‌మెంట్ ప్రింటు కావలసినవాళ్లు అడగండి, ఫొటో తీసి పెడతాను.