ఫ్రేజల్ వెర్బ్‌లు: తల పట్టుకోవాలా, తోక పట్టుకోవాలా?

తిరుపతి బాలాజీ కాలనీలో సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతుంటాను. కొత్త బ్యాచ్ మొదలైన వారానికే ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, ఫ్రేజల్ వెర్బ్‌ల లిస్టు బట్టీ పడితే చాలదా?"

ఫ్రేజల్ వెర్బ్ అంటే వెర్బ్ (క్రియ) అనే తలకు అప్, ఆఫ్ లాంటి చిన్న మాట తోకలా చేరిన జంట. లిస్టులన్నీ వెర్బ్ వారీగా, అంటే తల వైపు నుంచి ఉంటాయి. గెట్ కింద గెట్ అప్, గెట్ ఓవర్, గెట్ బై, గెట్ అవే... బ్యాంకు పరీక్షో ఎస్సెస్సీయో నెలలో ఉందంటే అదే దిక్కు, కాదనను. కానీ పది రోజులు పోతే గెట్ ఓవర్ ఏదో, గెట్ బై ఏదో తేలదు. గెట్‌లో పట్టుకోవడానికి అర్థమంటూ ఉంటే కదా!

నేను తోక వైపు నుంచి చెబుతాను. అప్, ఆఫ్, అవుట్ అన్నమాట. తెలుగులోనూ ఇలాంటి తోకలున్నాయి కాబట్టి మనవాళ్లకు ఇది బాగా ఎక్కుతుంది. తిను వేరు, తినేయ్ వేరు. ఈట్ అప్, డ్రింక్ అప్, యూజ్ అప్‌లలో అప్ చేసేది మన 'ఏయ్' చేసే పనే, మిగల్చకుండా కానిచ్చేయడం. గివ్ అప్ అంటే మానేయ్. ఇక ఆఫ్ అంటే విడివడడం. అలిపిరిలో బస్సు దిగితే గెట్ ఆఫ్ (మనం గెట్ డౌన్ అంటాం లెండి), గుడి ముందు చెప్పులు విప్పితే టేక్ ఆఫ్, రేణిగుంటలో అన్నను రైలెక్కించి వస్తే సీ ఆఫ్. పనిని ఇవాళ్టి నుంచి రేపటికి నెట్టేస్తే పుట్ ఆఫ్.

తోకను మరీ నమ్మినా దెబ్బే. 'ది అలారం వెంట్ ఆఫ్' అంటే అలారం ఆగిపోయిందని మొన్న క్లాసులో సగం మంది రాశారు. అసలు అర్థం మోగిందని! పుట్ అప్ విత్ అంటే భరించడం. ఇలాంటివాటికి బట్టీ తప్పదు.

సినిమాలు చూసి నేర్చుకోవడం మంచిదే, కాకపోతే ఏళ్లు పడుతుంది. యాప్‌లు బస్సులో కాలక్షేపానికి.

ఏ దారిన నేర్చినా నోట్సులో అర్థం పక్కన ఇట్ పెట్టి ఒక వాక్యం రాయిస్తాను. కాల్ ఆఫ్ అంటే రద్దు చేయడమని అందరికీ వస్తుంది. మాట్లాడేటప్పుడు మాత్రం 'కాల్ ఆఫ్ ఇట్' అనేస్తారు. 'కాల్ ఇట్ ఆఫ్' అనాలి. లుక్ ఆఫ్టర్‌కి అలా కుదరదు, అక్కడ ఇట్ చివరికే పోతుంది.